పేరు నాది, పైసలు నాన్నవి: అమెరికాకు లెక్క ఎవరు చెప్పాలి?

ప్రశ్న

హనుమకొండలో పుట్టి పెరిగి, ప్రస్తుతం టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్న 34 ఏళ్ల పాఠకురాలు ఒకరు మూడు పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాము.

ఆమె 2014లో ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లారు. 2017 అక్టోబరు 1 నుంచి హెచ్‌1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నారు. 2019లో పెళ్లయింది. భర్తది కరీంనగర్, ఇద్దరూ కలిసి ఉమ్మడి రిటర్ను వేస్తున్నారు. ఆమె తండ్రి భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఆ సమయంలో వచ్చిన డబ్బులో 38 లక్షలు రెండు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేశారు. తల్లికి బ్యాంకు పనులు అలవాటు లేవని, ఏకైక సంతానమైన కూతురి పేరును అన్నింటిలోనూ చేర్చారు. 24 లక్షల డిపాజిట్లలో తండ్రి పేరు మొదట ఉంది, వడ్డీని ఆయనే తన రిటర్నులో చూపుతున్నారు. మిగిలిన 14 లక్షల డిపాజిట్‌లో కూతురి పేరు మొదట పడింది. దాని వడ్డీ మీద టీడీఎస్ ఆమె పాన్ కింద కోతపడుతుంటే, ఇక్కడి ఆడిటర్ ఆమె పేరున రెసిడెంట్‌గా రిటర్ను వేసి ఆ డబ్బు వాపసు తెప్పిస్తున్నారు.

ఇవి కాక, చదువుకునే రోజుల్లో తెరిచిన సేవింగ్స్ ఖాతాలో ఆమెకు 4 లక్షలు ఉన్నాయి. పరకాల వైపు ఆమె పేరున పట్టా ఉన్న రెండెకరాల కౌలు, ఏటా 30 వేలు, అందులోనే పడుతుంది. రైతుబంధు కూడా అందులోనే పడేది. 2018 నుంచి కట్టిన మ్యూచువల్ ఫండ్ సిప్ విలువ 11 లక్షలయింది. పెళ్లికి ముందు తండ్రి కట్టిన ఎల్‌ఐసీ పాలసీకి సరెండర్ విలువ 3 లక్షల దాకా వస్తుంది.

ఈ జనవరిలో ఫండ్ కంపెనీ నుంచి మీరు ఏ దేశపు పన్ను నివాసి అని అడుగుతూ ఒక ఫారం వచ్చింది. దాన్ని నింపడానికి సహోద్యోగిని సలహా అడిగితే, ‘మరి ఎఫ్‌బార్ వేస్తున్నావా?’ అన్నాడట. విదేశాల్లో ఉన్న ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఏటా ఇచ్చే నివేదిక అది. ఆ మాట వినడం ఆమెకు అదే మొదటిసారి. ఏటా తమ అమెరికా రిటర్నులో ‘విదేశాల్లో ఖాతాలున్నాయా?’ అన్న ప్రశ్నకు భర్త ‘లేదు’ అని టిక్ పెడుతూ వచ్చారని అప్పుడు చూసుకున్నారు. ఒక స్నేహితురాలు ఈ ఏడాది నుంచి చూపిస్తే చాలంది. మరొకరు అన్నీ మూసేసి అమ్మ పేరు మీదికి మార్చేయమన్నారు. ఇంకొకరు సగం డబ్బు జరిమానాకే పోతుందని భయపెట్టారు. భర్తకు గ్రీన్‌కార్డు దిగులు పట్టుకుంది. తండ్రికి ఫోన్‌లో చెప్పబోతే, ‘నేను బాయిల దిగి కష్టపడ్డ పైసలు బిడ్డా, అమెరికోల్లకు వాటితోని ఏం పని?’ అని ఫోన్ పెట్టేశారు. ‘నేను దొంగతనం చేశానా? నిద్ర పట్టడం లేదు’ అని ఆమె ఉత్తరం ముగించారు.

సమాధానం

మీరు దొంగతనం చేయలేదు. ఆ మాట మొదట చెప్పి, ఆ తరువాతే మిగతావి చెప్పాలని మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు అనుకున్నాను. అయితే ఇప్పటి వరకు మీది తెలియకపోవడం. ఎఫ్‌బార్ అన్న మాట విన్న రోజు నుంచి ఊరుకుంటే అది తెలిసి ఊరుకోవడం అవుతుంది. అమెరికా చట్టం ఈ రెండింటికీ మధ్య చాలా పెద్ద గీత గీసింది. మీరు ఇంకా ఆ గీతకు ఇవతలే ఉన్నారు. అందుకే ఈ విషయాన్ని వచ్చే ఏటికి వాయిదా వేయవద్దని అడుగుతున్నాను.

మీ చిక్కుకు మూలం అంకెల్లో లేదు, పేర్లలో ఉంది. మన దగ్గర పేరు చేర్చడం ప్రేమకు గుర్తు. ‘రేపు నాకేమన్నా అయితే బిడ్డ తిప్పలు పడొద్దు’ అని ప్రతి కాగితం మీదా పిల్లల పేరు రాయిస్తారు. ముప్పై ఏళ్లుగా హనుమకొండలో లెక్కలు చూస్తున్నాను. బీరువాలో లాకరు పక్కన, రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరులో డిపాజిట్ రసీదులు లేని సింగరేణి ఇల్లు నేను చూడలేదు. వాటిలో చాలా రసీదుల మీద అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లల పేర్లుంటాయి. ‘అమ్మాయి ఎక్కడుంటుంది?’ అని ఆ పేరు రాసేటప్పుడు బ్యాంకులో అడగరు, రిటర్ను వేసేటప్పుడు మాలో చాలామంది ఆడిటర్లమూ అడగము. అది మా వృత్తిలో ఉన్న లోపం, ఒప్పుకుంటున్నాను.

అమెరికా వైపు రెండు వేర్వేరు బాధ్యతలున్నాయి. మీ భయంలో సగం ఈ రెండూ కలిసిపోవడం వల్ల వచ్చింది. ఒకటి పన్ను: ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా మీ ఆదాయాన్ని రిటర్నులో చూపడం. రెండోది సమాచారం: ఎఫ్‌బార్. అది పన్ను కాదు, ఫలానా బ్యాంకులో ఫలానా ఖాతా ఉందని చెప్పడం మాత్రమే. విదేశీ ఖాతాలన్నింటిలోని సొమ్ము కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే అది వేయాలి. రిటర్నుతో జతచేయరు, వేరే ఆన్‌లైన్ పద్ధతిలో వేస్తారు. గడువు ఏప్రిల్ 15. దాటితే అడగకుండానే అక్టోబరు 15 వరకు సమయమిస్తారు. ఈ విషయంలో సొమ్ము ఎవరిదన్నది చట్టం మొదట చూడదు, ఖాతా ఎవరి పేరున ఉందో చూస్తుంది. ఉమ్మడి ఖాతా అయినా మొత్తం విలువ చూపాలి. అందుకే ‘అది నాన్న డబ్బు’ అన్న మాట ఎంత నిజమైనా ఎఫ్‌బార్ వేయకపోవడానికి కారణం కాలేదు. నాన్నగారి డిపాజిట్లతో పాటు మీ సేవింగ్స్ ఖాతా, మ్యూచువల్ ఫండ్, సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీ అన్నీ అందులోకి వస్తాయి. నేరుగా మీ పేరున ఉన్న రెండెకరాల భూమి రాదు, ఒంటి మీదో లాకరులోనో ఉన్న బంగారమూ రాదు.

పన్ను విషయంలో మాత్రం సొమ్ము ఎవరిదన్నది ముఖ్యం. 24 లక్షల మీద వడ్డీ నాన్నగారిది; అసలు ఆయన జీతపు కష్టం నుంచి వచ్చింది, వడ్డీకి ఆయనే పన్ను లెక్క చెబుతున్నారు. కాగితాలు చూపగలిగితే అది మీ ఆదాయం కాదని గట్టిగానే చెప్పవచ్చు. 14 లక్షల సంగతి వేరు. అది కూడా నాన్నగారి డబ్బే అని మీరు రాశారు, నేను నమ్ముతున్నాను. కానీ దాని వడ్డీని మీ ఆదాయంగా చూపి మీ పాన్ మీద వాపసు తీసుకున్నాక, భారత ప్రభుత్వానికి ‘నాది’ అని చెప్పిన సొమ్మును అమెరికా ప్రభుత్వానికి ‘మా నాన్నది’ అని చెప్పడం నిలబడదు. ఆ ఒక్క డిపాజిట్‌ను మీదిగానే ఒప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అలా ఒప్పుకుంటే పన్ను ఎంత పడుతుందో చూడండి. 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 98 వేలు, డాలరు 85 రూపాయల లెక్కన సుమారు 1,150 డాలర్లు. మీ శ్లాబు 22 శాతమైతే పన్ను 250 డాలర్ల చిల్లర. టీడీఎస్ వాపసు తీసుకున్నారు కాబట్టి రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం కింద రావలసిన మినహాయింపు ఇక్కడ రాదు, ఎందుకంటే భారత్‌లో చివరికి కట్టిన పన్నే లేదు. కౌలు డబ్బుదీ అదే పరిస్థితి. వ్యవసాయ ఆదాయానికి మన దగ్గర పన్ను లేదు, అమెరికాకు మాత్రం అది మామూలు అద్దె లాంటిదే. రైతుబంధు జమలను కూడా దాచకుండా చెప్పండి. మీ భర్తకు కరీంనగర్‌లో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (విదేశీ సంపాదనను ఇక్కడ దాచుకునేది) ఉందని ఒక్క వాక్యం రాసి వదిలేశారు, ఎంతో రాయలేదు. దాని వడ్డీకి భారత్‌లో పన్ను లేకపోవడం వల్ల చాలామంది అమెరికాలోనూ లేదనుకుంటారు. అక్కడ ఉంది. దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

మీకు ఊరట కలిగించే విషయాలు రెండున్నాయి. మీరు 2014 నుంచి తప్పు చేస్తున్నానని భయపడుతున్నారు. విద్యార్థి వీసా మీదున్న వారికి మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాల రోజులు నివాస లెక్కలోకి రావు. హెచ్‌1బీ మొదలయ్యాక 2017లో మీకు పడినవి 92 రోజులే, 183 కావాలి. కాబట్టి ప్రపంచ ఆదాయం చూపవలసిన నివాసి మీరు అయింది 2018 నుంచి. రెండోది ఫారం 8938, రిటర్నుతో జతచేసేది. అమెరికాలో ఉంటూ ఉమ్మడి రిటర్ను వేసే దంపతులకు విదేశీ ఆర్థిక ఆస్తులు ఏడాది చివర లక్ష డాలర్లు, లేదా ఏడాదిలో ఎప్పుడైనా లక్షన్నర దాటితేనే అది వేయాలి. మీవి అన్నీ కలిపి 56 లక్షలు, అంటే 66 వేల డాలర్ల లోపు. మీ భర్త డిపాజిట్ కలిపినా పరిమితి దాటకపోతే ఆ ఫారం గొడవ మీకు లేదు.

‘సగం పోతుంది’ అన్న మాట ఉత్త పుకారు కాదు. ఉద్దేశపూర్వకంగా ఎఫ్‌బార్ వేయని వారికి చట్టం మొదట పెట్టిన లక్ష డాలర్లు, లేదా ఖాతాలోని సొమ్ములో 50 శాతం, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా వేసే అధికారం ఉంది. తెలియక వేయని వారికి చట్టం మొదట పెట్టిన గరిష్ఠ పరిమితి 10,000 డాలర్లు. ధరలతో పాటు పెరుగుతూ ఇప్పుడది ఇంకా ఎక్కువైంది. అది ఖాతాకు ఒకటి చొప్పున కాదు, ఏడాదికి వేయవలసిన ఒక్క నివేదికకు ఒకటి అని అమెరికా సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఇవన్నీ వాళ్లంతట వాళ్లు పట్టుకున్నప్పుడు ఎదురయ్యేవి. వాళ్ల కంటే ముందు మీరే వెళితే దారి వేరు.

మీ ముందున్న దారుల్లో మొదటిది, ఏమీ చేయకుండా ఉండడం. అమెరికా 2010లో చేసిన ఫాట్కా చట్టం కింద భారత్ 2015 జులైలో ఒప్పందం చేసుకుంది. అప్పటి నుంచి ఇక్కడి బ్యాంకులు, ఫండ్ కంపెనీలు అమెరికా నివాసుల ఖాతాల వివరాలను మన ఆదాయపు పన్ను శాఖకు ఇస్తే, అవి అక్కడికి చేరుతున్నాయి. మీకు జనవరిలో వచ్చిన ఫారం దానికోసమే. దాన్ని నిజంగా నింపితే మీ పేరు వెళుతుంది, అబద్ధంగా నింపితే మీరు గీత దాటినట్టే. ఈ దారిని నేను ఎవరికీ చెప్పలేను.

రెండోది, మీ స్నేహితురాలు చెప్పినట్టు ఈ ఏడాది నుంచి మాత్రం చూపించడం. ఖర్చు లేదు, తేలిక, చాలామంది చేసేది కూడా ఇదే. కానీ నిరుడు ‘లేదు’ అన్న చోట ఈ ఏడు ఒకేసారి 66 వేల డాలర్ల పాత డిపాజిట్లు కనిపిస్తాయి. అడిగితే ‘తెలిసిన తరువాత కూడా పాతది ఎందుకు సరిచేయలేదు?’ అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబుండదు. ఒకసారి వాళ్ల నుంచి విచారణ నోటీసు వస్తే, నేను కింద చెప్పబోయే దారి మూసుకుపోతుంది.

మూడోది ఖాతాలు మూసి అమ్మ పేరు మీదికి మార్చడం. ఇందులో సగం మంచి సలహా, సగం ప్రమాదం. ఇక ముందు మీ పేరు డిపాజిట్లలో ఉండకపోవడమే మేలు: నాన్నగారి పక్కన అమ్మ పేరు చేర్చి, మిమ్మల్ని నామినీగా పెడితే ఆయన కోరుకున్న భద్రత ఉంటుంది, ఎఫ్‌బార్ ఉండదు, నామినీ ఖాతాదారు కాదు. అయితే పాత సంవత్సరాలను సరిచేయకుండా హడావిడిగా మూసేస్తే, బయటివాళ్లకు అది దాచిపెట్టడంలాగే కనిపిస్తుంది. పైగా ఈ ఏడాదిలో ఒక్క రోజు ఖాతా ఉన్నా ఈ ఏడాది ఎఫ్‌బార్ వేయవలసిందే.

నాలుగోది, తెలియక తప్పిన వారి కోసం అమెరికా పన్ను శాఖే పెట్టిన స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి. అమెరికాలో ఉంటూ, ఇప్పటికే రిటర్నులు వేసి, అందులో విదేశీ ఆదాయం మాత్రం వదిలేసిన వారు గడిచిన మూడేళ్ల రిటర్నులు సవరించి పన్ను, వడ్డీ కట్టాలి. ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు వేయాలి. ఫారం 14654 మీద ఇది ఉద్దేశపూర్వకం కాదని, ఎలా జరిగిందో వివరంగా రాసి ప్రమాణపూర్వకంగా సంతకం చేయాలి. ఆ కాలంలో ఏడాది చివరి నిల్వల మొత్తం ఏ ఏడు ఎక్కువగా ఉంటే, ఆ మొత్తం మీద 5 శాతం జరిమానా ఉంటుంది. (ఆదాయమంతా చూపి ఎఫ్‌బార్ ఒక్కటే మరిచిన వారికి జరిమానా లేకుండా వేసే మరో దారి ఉంది, కానీ వడ్డీ చూపలేదు కాబట్టి అది మీకు వర్తించదు.)

పేర్ల సంగతి రూపాయల్లోకి మారేది ఇక్కడే. మొత్తం 56 లక్షల మీద 5 శాతమంటే 2 లక్షల 80 వేలు. నాన్నగారి 24 లక్షలలో మీకు సొంత హక్కు లేదని రుజువు చేయగలిగి, వాటిని పక్కన పెట్టగలిగితే మిగిలేవి 32 లక్షలు, జరిమానా 1 లక్ష 60 వేలు. లాయరు ఫీజు దీన్ని మించినా ఆశ్చర్యపోకండి. ఆ ఖర్చు దండగ కాదని ఎందుకంటున్నానంటే, మీ కథలో ఒక ముల్లుంది: ‘లేదు’ అన్న టిక్. అది పెట్టింది మీ భర్త అయినా ఉమ్మడి రిటర్ను మీద ఇద్దరి సంతకం ఉంది. ఆ ఒక్క టిక్‌తో అది ఉద్దేశపూర్వకమైపోదు, కానీ దాన్ని దాటవేసి వివరణ రాస్తే ఆ వివరణే మీకు ఎదురు తిరుగుతుంది. ప్రశ్న చదివారా, చదివి ‘మన ఊరి ఖాతాల సంగతి కాదులే’ అనుకున్నారా, అసలు చదవలేదా, ఉన్నది ఉన్నట్టు రాయాలి. అందుకే మొదట సీపీఏ (అక్కడి ఆడిటర్) దగ్గరికి కాకుండా ఈ పని తెలిసిన ట్యాక్స్ లాయరు దగ్గరికి వెళ్లండి. మీరు లాయరుకు చెప్పిన మాటలకు ఉన్న గోప్యత సీపీఏకు చెప్పిన వాటికి అంతగా ఉండదు. అప్పటి వరకు స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ విషయం రాయకండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం వల్ల మీకు ఒక తలనొప్పి తప్పింది.

మ్యూచువల్ ఫండ్‌ను మాత్రం భయంతో అమ్మకండి. భారతీయ ఫండ్లను అమెరికా వేరే కఠినమైన తరగతి కింద చూస్తుంది. అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని మీరు అట్టిపెట్టుకున్న సంవత్సరాలన్నింటికీ పంచి, గడిచిన ఏళ్ల వాటా మీద అత్యధిక శ్లాబు పన్ను, పైన వడ్డీ వేస్తుంది. మీది గ్రోత్ ఆప్షన్ (లాభాన్ని పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది) అయి, ఇంతవరకు అమ్మకపోతే చూపవలసిన ఆదాయం బహుశా ఇంకా పుట్టలేదు. ఉమ్మడి రిటర్ను వేసేవారికి ఇలాంటి ఫండ్ల విలువ ఏడాది చివర 50,000 డాలర్ల లోపుంటే, అమ్మకాలు లేని ఏళ్లకు ఏటా వేసే ఫారం నుంచి మినహాయింపు కూడా ఉంది. సిప్ ఆపండి, ఉన్నది ఎప్పుడు అమ్మాలన్నది లాయరు, సీపీఏ కలిసి చెబుతారు.

గ్రీన్‌కార్డు గురించి మీ భర్తతో ఈ మాట చెప్పండి. స్ట్రీమ్‌లైన్డ్‌లో కట్టేది సివిల్ జరిమానా, నేరశిక్ష కాదు. తరువాత పౌరసత్వం దరఖాస్తులో పన్ను బాకీలు, వేయని రిటర్నుల గురించి సూటిగా అడుగుతారు. సరిచేసుకున్న రికార్డుతో ఆ ప్రశ్నకు జవాబు రాయడం మేలా, చేయని రికార్డుతోనా అన్నది ఆయనే ఆలోచించవచ్చు. సంతకాలకు ముందు మీ ఇమిగ్రేషన్ లాయరుతోనూ ఒకసారి మాట్లాడించండి.

ఇక్కడి వైపు కూడా కొంత పని ఉంది. విదేశాల్లో స్థిరపడినవారు రెసిడెంట్ సేవింగ్స్ ఖాతా నడపకూడదు; మీ పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఇక్కడి ఆదాయం కోసం ఎన్నారైలు వాడే ఖాతాగా, మార్పించాలి. తండ్రి పేరు మొదట, ఎన్నారై కూతురు పేరు తరువాత ఉంటే రెసిడెంట్ ఖాతాగా రిజర్వు బ్యాంకు ఒప్పుకుంటుంది, మీ పేరు మొదట ఉన్న 14 లక్షల డిపాజిట్ అలా ఉండకూడదు. ఎన్‌ఆర్‌ఓ అయ్యాక వడ్డీ మీద 30 శాతం, సెస్సు కలిపి 31.2 శాతం టీడీఎస్ పడుతుందని ముందే తెలుసుకోండి. మీ ఆడిటర్ వేస్తున్నది ఐటీఆర్-1 అయితే అది రెసిడెంట్లకు మాత్రమే, మీకు ఐటీఆర్-2. పాత రిటర్నుల్లోని నివాస హోదాను ఎలా సరిచేయాలో ఆయనతో కూర్చుని తేల్చుకోండి.

ఇక నాన్నగారు. ఆయన కోపంలో న్యాయం ఉంది, కాదనకండి. బాయి దిగినవాళ్ల సొమ్ము మీద మరో దేశం కన్ను పడిందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఫోన్‌లో ఎఫ్‌బార్, ఫాట్కా అన్న మాటలు ఎత్తకండి. ‘నాయినా, అమెరికోల్లు నీ పైసలు అడుగుతలేరు. నా పేరు ఎక్కడెక్కడ ఉందో చెప్పుమంటున్నరు. ఆ 24 లక్షలు నీవని రుజువు చేయడానికి నీ సాయం కావాలె’ అనండి. ఆయనను దోషిగా నిలబెట్టడానికీ, సాక్షిగా పిలవడానికీ ఉన్న తేడా ఆయనకు మీ గొంతులోనే తెలుస్తుంది. ఆ 5 శాతం మీరే కడుతున్నారని, ఆయన డబ్బులోంచి ఒక్క రూపాయి పోదని కూడా మొదటే చెప్పండి. దంపతులుగా మీరు దానికి సిద్ధంగా ఉంటేనే చెప్పండి.

ఆయన ఒప్పుకున్నాక అడగవలసినవి ఇవి: రిటైరైనప్పుడు సింగరేణి ఇచ్చిన సెటిల్‌మెంట్ కాగితం, ఆ డబ్బు జమ అయిన ఖాతా స్టేట్‌మెంట్, అందులోంచి డిపాజిట్లు తీసిన తేదీలు, ఆయన వేసిన రిటర్నుల నకళ్లు. బ్యాంకులో వడ్డీ సర్టిఫికెట్ అడిగితే ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఇస్తారు, అది అమెరికా లెక్కకు సరిపోదు. జనవరి నుంచి డిసెంబరు దాకా, ప్రతి ఏటా డిసెంబరు 31 నాటి నిల్వతో, ఆరేళ్లకు కావాలని కాగితం మీద రాసి అడగమనండి. నాన్నగారు ఒక్కరే వెళితే రెండు మూడు సార్లు తిప్పుతారు, కాబట్టి ఏమేం కావాలో వరుసగా తెలుగులో రాసి, ఫొటో తీసి ఆయన ఫోనుకు పంపండి. సెటిల్‌మెంట్ కాగితం ఎక్కడుందో గుర్తు లేదంటే, డిపాజిట్ రసీదులున్న కవరులోనే, అడుగున వెతకమని చెప్పండి.